శరణార్థుల కోసం నిధి, వేదిక, గొంతు
(శరణార్థుల సహాయ నిధి సన్నాహక సభలో చేసిన ప్రసంగ పాఠం)



శరణార్థుల సహాయం కోసం నిధి ఎలా సేకరించాలి, ఆ నిధి కోసం తలపెట్టిన సాంస్కృతిక సభ ఎలా ఉండాలి అనే రెండు విషయాలపై మాట్లాడమని నిర్వాహకులు కోరారు. పైకి ఇవి ఏర్పాట్లకు సంబంధించిన చిన్న విషయాలుగానే కనిపిస్తాయి. కానీ ఎవరి కోసం సేకరిస్తున్నాం, ఎవరిని వేదికపై నిలబెడుతున్నాం, వారి గురించి ఏమి చెబుతున్నాం అన్న ప్రశ్నలు వీటిలోనే ఇమిడి ఉన్నాయి. వాటికి జవాబు చెప్పుకోకుండా చందా పుస్తకాలు అచ్చు వేయించుకోవడం తొందరపాటు అవుతుంది.

మన మధ్యనే, హైదరాబాదు దక్షిణపు అంచున, బాలాపూర్ పరిసరాల్లో, కిషన్‌బాగ్ వంటి బస్తీల్లో కొన్ని వేల మంది రోహింగ్యాలు నివసిస్తున్నారు. వెదురు కర్రలు, టార్పాలిన్లు, పాత ఫ్లెక్సీలతో వేసుకున్న గుడిసెలు వారి ఇళ్ళు. ఆ గుడిసె వేసుకున్న జాగాకు కూడా నెలనెలా అద్దె కట్టాలి. చెత్త ఏరడం, కట్టడాల దగ్గర కూలి, దొరికిన రోజు దొరికిన పని వారి బతుకుతెరువు. చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు తప్ప వారిని ఫలానా దేశస్థులని చెప్పే కాగితం ఏదీ లేదు.

ఆ కాగితం ఎందుకు లేదో మనలో చాలామందికి తెలియదు. 1982లో బర్మా సైనిక ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టం, అక్కడి ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితా రెండూ రోహింగ్యాలను వెలుపలే ఉంచాయి. తరతరాలుగా అరకాన్ నేలపై పుట్టి పెరిగిన జనం ఒక చట్టంతో ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1978లో, 1991–92లో లక్షల సంఖ్యలో బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2012లో మళ్ళీ హింస చెలరేగింది. 2017 ఆగస్టు 25 తరువాత సైన్యం సాగించిన దాడులలో గ్రామాలు తగులబడి, ఏడు లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి కాక్స్ బజార్ చేరారు. ఈ మారణకాండపై గాంబియా దేశం 2019 నవంబరులో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది. రోహింగ్యాలను కాపాడే తక్షణ చర్యలు తీసుకోవాలని 2020 జనవరి 23న ఆ న్యాయస్థానం మయన్మార్‌ను ఆదేశించింది. కనుక బాలాపూర్ గుడిసెల్లో ఉన్నవారు మెరుగైన జీతం వెతుక్కుంటూ వచ్చినవారని అనుకుంటే అది వాస్తవాన్ని కప్పిపుచ్చడమే.

తెలుగువారికి ఈ కథ పూర్తిగా పరాయిది కాదు. ఒకప్పుడు రంగూన్ రేవులో బరువులు మోసిన కూలీలలో అత్యధికులు తెలుగువారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో మనవాళ్ళను ‘కోరంగీలు’ అని పిలిచేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవు పనుల తగాదా పెరిగి పెద్దదై, ఆ కోరంగీలపైనే దాడులు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు కురిపించాక లక్షలాది భారతీయులు కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. వేలాది మంది ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలోనే ప్రాణాలు విడిచారు. ఆ నడక దారుల్లో ఒకటి అరకాన్ కొండలు దాటి, అకియాబ్ మీదుగా చిట్టగాంగ్ చేరేది. నేడు రఖైన్ అని పిలుస్తున్న రోహింగ్యాల నేల అదే. 1962లో నె విన్ సైనిక పాలన వచ్చి, వ్యాపారాలను జాతీయం చేశాక మిగిలినవారిలో చాలామంది సంపాదించినదంతా అక్కడే వదిలి ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ రాకకు గుర్తుగా ఇప్పటికీ నిలిచి ఉన్నది.

ఆనాడు బర్మా నుండి వచ్చిన తెలుగువానికి దిగడానికి ఒక రేవు, తనవాడని చెప్పే ఒక దేశం ఉన్నాయి. అదే బర్మా నుండి వచ్చిన రోహింగ్యాకు ఆ రెండూ లేవు. ఇద్దరి మధ్య తేడా అంతే.

ఇక మనలో వినిపించే అభ్యంతరానికి వద్దాం. “మన బస్తీలోనే అద్దె కట్టలేని వితంతువులున్నారు, ఫీజు కట్టలేక చదువు మానిన ఆడపిల్లలున్నారు. ముందు మనవాళ్ళను చూసుకోవద్దా?” అని అడిగేవారున్నారు. ఈ మాటను కొట్టిపారేయకూడదు. మన పేదరికం కల్పితం కాదు. సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక దానిని దేశం ముందు అంకెలతో పెట్టింది. అయితే మన పేదవానికీ శరణార్థికీ మధ్య ఒక భేదం ఉన్నది. మన పేదవానికి రేషన్ కార్డు రాకపోతే ఎమ్మార్వో కార్యాలయం ముందు ధర్నా చేయగలడు, ఓటు అడగవచ్చిన నాయకుణ్ణి నిలదీయగలడు. శరణార్థికి అడిగే చోటే లేదు. సాయం కొలిచేటప్పుడు ఆకలి ఒక్కదాన్నే కొలిచి, ఈ నిస్సహాయతను లెక్కలోకి తీసుకోకపోతే ఆ కొలత తప్పు. పైగా ఇద్దరినీ పోటీకి నిలబెట్టవలసిన అవసరమే లేదు. బస్తీ పేదల నిధిని తాకకుండా, శరణార్థుల కోసం వేరే నిధి పెట్టుకోవాలన్నదే ఈ సభ ముందున్న ప్రతిపాదన.

మన ధార్మిక చరిత్రలో శరణార్థి అంటే ఎవరో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. మక్కాలో హింసలు భరించలేక తొలి ముస్లింలు సముద్రం దాటి వెళ్ళింది అబిసీనియాకు. అక్కడి రాజు నజాషీ క్రైస్తవుడు. మక్కా పెద్దలు కానుకలతో రాయబారులను పంపి, పారిపోయి వచ్చినవారిని తమకు అప్పగించమని కోరారు. నజాషీ రాజు ముందుగా శరణార్థుల వాదన విన్నాడు. విన్న తరువాత కానుకలు తిప్పి పంపి, వారికి అభయమిచ్చాడు. ముందు విచారణ, తరువాత నిర్ణయం. ఆ క్రైస్తవ రాజు ధర్మబుద్ధి వల్ల బతికి బట్టకట్టిన సమాజం మనది. అలాంటప్పుడు శరణార్థి మతం అడిగి తలుపు తీయడం మనకు తగదు.

మదీనాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) ముహాజిర్లకూ అన్సార్లకూ మధ్య సోదర బంధం కలిపారు. సఅద్ బిన్ రబీ తన ఆస్తిలో సగం ఇస్తానన్నప్పుడు అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ ఆయనను దీవించి, బజారు ఎక్కడున్నదో చూపించమని మాత్రమే అడిగారు. వెన్న, జున్ను అమ్ముకుంటూ తన కాళ్ళపై నిలబడ్డారు. ఇచ్చేవాని ఉదారతను మనం వందసార్లు చెప్పుకుంటాం, పుచ్చుకోవలసినవాని ఆత్మగౌరవాన్ని మరచిపోతాం. మన నిధికి మాత్రం ఆ బజారు దారే ఆదర్శం కావాలి. బియ్యం మూటతో పాటు కుట్టు మిషను, తోపుడు బండి, చిన్న పెట్టుబడి ఇవ్వగలిగితే ఆ ఇంటివారు మరుసటి నెల మన గుమ్మం ముందు నిలబడవలసిన అవసరం ఉండదు.

నిధి విషయంలో మొదటి నియమం, జకాత్ లెక్క వేరుగా ఉండాలి. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా నిర్దేశించింది. నిరుపేదలు, అక్కరగలవారు, అప్పులపాలైనవారు, బాటసారులు అందులో ఉన్నారు. ఇల్లూ దేశమూ పోగొట్టుకున్న శరణార్థి వీటిలో ఒకటి కంటే ఎక్కువ వర్గాల కిందికే వస్తాడు. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కూడా 2019లో శరణార్థుల జకాత్ నిధిని ప్రారంభించింది. అయితే జకాత్ సొమ్ము హక్కుదారుని చేతికి, అతని సొంతంగా చేరాలన్నది హనఫీ ఫిఖ్ చెప్పే షరతు. ఆ సొమ్ముతో షామియానా వేయించడానికి, మైకు సెట్టు తెప్పించడానికి, అతిథులకు దావత్ ఇవ్వడానికి వీలులేదు. కనుక సభ ఖర్చులకు దాతలను విడిగా చూసుకోవాలి. రసీదు పుస్తకాలు మూడు ఉండాలి: జకాత్‌కు ఒకటి, సదఖాకు ఒకటి, సభ ఖర్చుకు ఒకటి.

రెండవది, లెక్క బహిరంగంగా ఉండాలి. ఏ ఒక్కరి ఫోన్ నంబరు మీదా డబ్బు రాకూడదు. రిజిస్టరైన సంస్థ పేరుతో బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు, అందులో ఒకరు మహిళ కావాలి. వచ్చినది ఎంత, పోయినది ఎంత, మిగిలినది ఎంత అని నెలనెలా మస్జిద్ నోటీసు బోర్డు మీద అతికించాలి. సహాయం పొందినవారి పేర్లు మాత్రం ఆ కాగితం మీద ఉండకూడదు.

మూడవది, చట్టం. గల్ఫ్‌లో ఉన్న మన బంధువులు పంపుతామంటున్నారు. విదేశాల్లో ఉన్నా భారత పౌరసత్వం నిలుపుకున్నవారు తమ సొంత ఆదాయం నుండి బ్యాంకు ద్వారా పంపిన సొమ్మును 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద విదేశీ విరాళంగా లెక్కించరు. అయినా వారి పాస్‌పోర్టు వివరం మన దగ్గర ఉండాలి. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్నవారి సొమ్ము, విదేశీ సంస్థల సొమ్ము ఆ చట్టం పరిధిలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా దానిని ముట్టుకోకూడదు. 2020 సవరణ తరువాత ఆ రిజిస్ట్రేషన్ ఉన్న ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు మళ్ళించడం కూడా నిషిద్ధం. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన చట్టం మినహాయింపు ఇవ్వదు. మన పొరపాటుకు శిక్ష మనకంటే ముందు శరణార్థికి పడుతుంది.

ఇదే సందర్భంలో మరొక హెచ్చరిక. ఆధార్, ఓటరు కార్డు ఇప్పిస్తామని దళారులు బస్తీల్లో తిరుగుతుంటారు. అటువంటి కాగితాల కేసుల్లో ఇరుక్కుని జైలు పాలైన శరణార్థులున్నారు. దానికి మన కార్యకర్త ఎవరూ మాటసాయం కూడా చేయకూడదు.

నిధి తొందరపాటుతో సేకరిస్తే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుండి సుమారు కోటి మంది శరణార్థులు భారతదేశానికి వచ్చారు. వారి బాధ చూసి చలించిన సితార్ విద్వాంసుడు రవిశంకర్ తన మిత్రుడు జార్జ్ హారిసన్‌ను కలుపుకొని 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సంగీత సభ ఏర్పాటు చేశారు. రవిశంకర్ సితార్, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్, ఉస్తాద్ అల్లారఖా తబలాతో ఆ సభ మొదలైంది. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటిగా రెండు కచేరీలు జరిగాయి. టిక్కెట్ల మీద వచ్చిన రెండు లక్షల నలభై వేల డాలర్లకు పైగా సొమ్ము యునిసెఫ్‌కు చేరింది. కానీ అంతకు ఎన్నో రెట్లు ఆదాయం తెచ్చిన రికార్డులు, సినిమా సొమ్ములో పెద్ద భాగం ఏళ్ళ తరబడి అమెరికా పన్ను శాఖ చిక్కుల్లో పడిపోయింది. సేవా సంస్థతో పన్ను మినహాయింపు ఏర్పాట్లు ముందుగా చేసుకోకపోవడమే కారణం. శరణార్థులు తిరిగి తమ దేశం చేరి స్థిరపడిన తరువాత కూడా ఆ డబ్బు విడుదల కోసం పెనుగులాట సాగుతూనే ఉండింది.

అయినా ఆ సభ వృథా కాలేదు. బంగ్లాదేశ్ అన్న పేరు ఒక్క రోజులో ప్రపంచానికి తెలిసింది. సాంస్కృతిక సభ చేయగల అసలు పని అదే. డబ్బు ఖర్చయిపోతుంది, పేరు మనసులో నిలుస్తుంది.

అదే ఏడాది మన దేశంలో మరొక ఏర్పాటు జరిగింది. 1971 నవంబరు నుండి 1973 మార్చి వరకు ఉత్తరాలపై ఐదు పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించవలసి వచ్చేది. బెజవాడ నుండి గుంటూరుకు ఉత్తరం రాసుకున్నవాడు కూడా ఆ ఐదు పైసలు ఇచ్చాడు. మన కాగజ్‌నగర్ ప్రాంతంలో తూర్పు బెంగాల్ నుండి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ప్రభుత్వం పునరావాసం కల్పించింది. అది మంచి పని. శరణార్థిని ఆదుకోవడం ఈ నేలకు కొత్త కాదని చెప్పడానికి ఇవి చాలు. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో మూడు దేశాల నుండి వచ్చిన ఆరు మతాలవారి పేర్లు చేర్చి, ముస్లింలను వదిలివేశారు. మయన్మార్ ఆ మూడు దేశాలలో లేనే లేదు. ఇతరులకు ఇచ్చిన రక్షణ తప్పని మనం ఏనాడూ అనలేదు. అదే కొలతతో అందరినీ కొలవమని మాత్రమే అడుగుతున్నాం.

ఈ అడగడానికి ఆధారం ఉన్నది. 1951 శరణార్థుల ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. కానీ రాజ్యాంగం 14వ, 21వ అధికరణలు పౌరుల గురించి మాత్రమే చెప్పలేదు, ప్రతి వ్యక్తి గురించి చెప్పాయి. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో వారి ప్రాణాలను కాపాడే బాధ్యత రాష్ట్రానిదేనని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2021లో జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల విషయంలో మాత్రం వారిని విడుదల చేయడానికి అదే కోర్టు నిరాకరించింది. చట్టం నిర్దేశించిన పద్ధతి పాటించకుండా దేశం నుండి పంపరాదని ఒక షరతు మాత్రం పెట్టింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ళ ప్రతి బాలునికీ వర్తిస్తుంది, అందులో పౌరసత్వం షరతు లేదు. ఢిల్లీలోని రోహింగ్యా పిల్లలు ముందు ప్రభుత్వ పాఠశాలలకు దరఖాస్తు చేయాలనీ, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చనీ 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పేర్కొన్నది. అంటే మన కార్యకర్త ఒక పిల్లవాణ్ణి చెయ్యి పట్టుకొని బడికి తీసుకువెళ్ళి, దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవడం కూడా పెద్ద సహాయమే. దానికి రూపాయి ఖర్చు లేదు.

ఇప్పుడు సభ సంగతి. శరణార్థుల పేరుతో జరిగే అనేక సభల్లో ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఒక తల్లిని వేదిక మీదికి పిలిచి ఏడిపిస్తారు, పిల్లల చేతికి సంచి ఇస్తూ ఫోటో తీస్తారు, ఆ ఫోటో సాయంత్రానికి వందల ఫోన్లలో తిరుగుతుంది. ఇది దానం ఇచ్చేవాని పేరు పెంచుతుంది, పుచ్చుకున్నవారిని ప్రమాదంలో పడవేస్తుంది. వారి బంధువులు ఇంకా రఖైన్‌లో ఉన్నారు. ఇక్కడ వారి చిరునామా తెలిసినా కష్టమే. కనుక మన సభలో శరణార్థుల ముఖాలు, పేర్లు, బస్తీ ఆనవాళ్ళు వారి అనుమతి లేకుండా ఎవరూ చిత్రీకరించరాదని ప్రవేశద్వారం దగ్గరే రాసి పెట్టాలి.

వారు మన ముందుకు కళాకారులుగా రావాలి. రోహింగ్యాలకు ‘తరానా’ అనే పాటల సంప్రదాయం ఉన్నది. పోగొట్టుకున్న ఊరిని, దాటివచ్చిన నదిని వారు ఆ పాటల్లోనే దాచుకున్నారు. వారి భాషకు 1980లలో హనీఫీ లిపి రూపొందింది, 2018లో యూనికోడ్‌లో చోటు సంపాదించింది. జాతే లేదని ప్రభుత్వం కొట్టివేసిన జనం తమ అక్షరాలను కంప్యూటర్ తెరపైకి తెచ్చుకున్నారు. ఈ సంగతి మన పిల్లలకు తెలిస్తే వారిని చూసే చూపే మారుతుంది. ఉర్దూ ముషాయిరాతో పాటు తెలుగు కవులనూ పిలవాలి. బర్మా నుండి తిరిగివచ్చిన తెలుగు కుటుంబాల పెద్దలను వెతికి పిలవాలి. దళిత, క్రైస్తవ, సిక్కు, హిందూ మిత్రులు సంకోచం లేకుండా వచ్చేలా సభ అందరికీ అనువైన హాలులో జరగాలి. భోజనం శరణార్థి మహిళలు వండితే వారికి వంటకూలి పూర్తిగా ముట్టాలి. పాడినవారికి పారితోషికం ఇవ్వాలి. సభ ఏర్పాట్ల కమిటీలో వారి ప్రతినిధులు ఇద్దరు ఉండాలి. వద్దని వారు చెప్పిన అంశం సభలో ఉండకూడదు.

చివరిగా, సభ ఒక్క రాత్రిది. అవసరం ఏడాది పొడవునా ఉంటుంది. దాతల ఉత్సాహం తగ్గితే ఏమవుతుందో బంగ్లాదేశ్ శిబిరాల్లో చూశాం. నెలకు తలకు 12 డాలర్లుగా ఉన్న ఆహార సహాయం నిధులు చాలక 2023 మార్చిలో 10కి, జూన్‌లో 8కి పడిపోయింది. అక్కడ పెరిగింది ఆకలి ఒక్కటే కాదు, ప్రాణాలకు తెగించి పడవలెక్కేవారి సంఖ్య కూడా. మన దగ్గర కూడా రంజాన్‌లో రేషన్ కిట్లు గుట్టలుగా వస్తాయి, షవ్వాల్‌లో ప్రసవానికి ఆటో కిరాయి దొరకదు. వంద కుటుంబాలు నెలకు 200 రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి 2,40,000 రూపాయలు. ఒక్క రాత్రి సభతో అంత వస్తుందన్న హామీ లేదు. కనుక సభకు వచ్చినవారి చేతిలో విరాళం పెట్టెతో పాటు నెలవారీ హామీ పత్రం కూడా పెట్టాలి.

ఆ సొమ్మును మూడు పనులకే పరిమితం చేయాలని నా ప్రతిపాదన. మొదటిది వైద్యం, ముఖ్యంగా కాన్పులు, అగ్నిప్రమాదాల వంటి అత్యవసరాలు. రెండవది పిల్లల చదువు. మూడవది న్యాయ సహాయం. మూడవదానికి విరాళాలు ఎప్పుడూ తక్కువే వస్తాయి, ఎందుకంటే వకీలు ఫీజుకు ఫోటో దిగడం కుదరదు. నిర్బంధంలో ఉన్న మనిషికి మాత్రం బియ్యం మూట కంటే వకీలే ముందు కావాలి. అయితే ఇక్కడ జకాత్ షరతు మరచిపోకూడదు. కమిటీ నేరుగా చెల్లించే ఖర్చులు సదఖా నిధి నుండి పోవాలి, జకాత్ హక్కుదారుని చేతికే చేరాలి.

తమ దేశానికి పౌరులుగా, గౌరవంగా, భద్రంగా తిరిగి వెళ్ళే రోజు కోసమే రోహింగ్యాలు ఎదురుచూస్తున్నారు. ఆ రోజు మన చేతిలో లేదు. అంతవరకు వారి పిల్లలు బడిలో ఉన్నారా, వీధిలో ఉన్నారా అన్నది మాత్రం కొంతవరకు మన చేతిలోనే ఉన్నది. రసీదు పుస్తకాలు మూడు, కమిటీలో శరణార్థి ప్రతినిధులు ఇద్దరు, నెలవారీ హామీ పత్రం, న్యాయ సహాయానికి విడి పద్దు అనే ఈ నాలుగు తీర్మానాలను సభ ముందు ఉంచుతున్నాను. చర్చించి, సవరించి, ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.